పంటి బిగువున

ఆ వేసవి మొదలయ్యేటప్పటికి మా మామగారి నోట్లో రెండే రెండు పళ్ళు మిగిలాయి. కుడి పక్కన పైన ఒకటి, కింద దానికి సరిగ్గా ఎదురుగా ఒకటి. ఎనభై తొమ్మిదేళ్ళ మనిషికి అవి ఎందుకో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. నమలడానికైతే కాదు. ఆయన తినేదంతా నేను మెత్తగా ఉడికించి, గరిటె వెనక భాగంతో మెదిపి పెట్టేదాన్ని. అది మింగడానికి పళ్ళతో పనిలేదు.

పై పన్ను కింద చీము పట్టిందని పళ్ళ డాక్టరు చెప్పింది. ఎక్స్‌రే తీసి, లైటుకి ఎదురుగా పట్టుకుని, పంటి మొదట్లో పెసరగింజంత మచ్చ చూపించింది.

"ఇది తీసేయాలండీ. ఎంత త్వరగా అయితే అంత మంచిది. షుగరుంది, వయసుంది. ఈ చీము రక్తంలోకి దిగిందంటే ఇక అది పంటి జబ్బు కాదు, ప్రాణం మీదికొస్తుంది."

మామగారికి పన్నెండేళ్ళుగా రెండు చెవులూ బొత్తిగా వినపడవు. ఆయనతో ఏం చెప్పాలన్నా పలక మీద రాయాలి. నా సంచిలో ఎప్పుడూ ఒక పలక, రెండు బలపాలు, ఒక తడిగుడ్డ ఉండేవి. డాక్టరు చెప్పింది రాసి చూపించాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని, రెండుసార్లు చదివి, రోడ్డుకి అవతలున్న మనిషితో చెప్తున్నంత గట్టిగా అన్నారు:

"తీయొద్దు. వాటితో నాకింకా పనుంది."

బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళు నవ్వడం నాకు వినపడింది. డాక్టరు కూడా నవ్వింది. "ఏం పని తాతగారూ, చెరుకు గడలు నములుతారా?"

ఆవిడ పెదవులు కదలడం చూసి ఆయన కూడా మర్యాదకి నవ్వారు. ఆ తర్వాత నోరు మూసుకుని, కుర్చీలోంచి మెల్లిగా దిగి, చెప్పులు వేసుకున్నారు. నేను డాక్టరు మొహం చూశాను. ఆవిడ నవ్వడం లేదు. "వారం రోజుల్లో ఒప్పించండి" అంది నాతో, గొంతు తగ్గించి. తగ్గించాల్సిన అవసరం లేదని ఆవిడకి గుర్తులేదు.

*

ఆయన ముప్పై ఆరేళ్ళు నీళ్ళ శాఖలో పనిచేశారు. భూమి కింద పైపు ఎక్కడ పగిలిందో పైనుంచి విని చెప్పడం ఆయన ఉద్యోగం. ఛాతీ ఎత్తున సన్నటి ఇనప కడ్డీ, దాని కొసకి మర తిప్పి బిగించే ఇత్తడి చిప్ప. తెల్లారకముందే, బళ్ళు తిరగకముందే వెళ్ళి, కడ్డీ ఒక కొస రోడ్డు మీదో, వాల్వు మీదో ఆనించి, చిప్పని చెవికి పెట్టుకునేవారట. అడుగడుగునా ఆగుతూ వీధి వీధంతా అలా నడిచి, ఒకచోట నిలబడి సుద్దముక్కతో సున్నా చుట్టేవారు. అక్కడ తవ్వితే నీళ్ళు. నీళ్ళ శాఖలో అందరూ ఆయన్ని చెవి మేస్త్రి అనేవారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఏ కొట్టుకి వెళ్ళినా, "చెవి మేస్త్రి కోడలా?" అనే అడిగేవారు. నా పేరు ఈ వీధికి ఇప్పటికీ సరిగ్గా తెలీదు.

అలాంటి మనిషికి చెవులు పోయినప్పుడు మేమందరం కుంగిపోయాం. ఆయన మాత్రం, "వినాల్సినంత విన్నాను" అని ఊరుకున్నారు. కడ్డీని మాత్రం వదల్లేదు. పొద్దున పదకొండింటికీ, మళ్ళీ సాయంత్రం పూటా పెరట్లో స్టూలు వేసుకుని, ఇంటికి వీపు పెట్టి, కడ్డీ పట్టుకుని కూర్చునేవారు. కొందరు ముసలివాళ్ళు చేతికర్రని వదలరు కదా, ఇదీ అలాంటిదే అనుకున్నాను.

ఆయనతో నాకున్న పేచీ అల్లా టీ దగ్గర. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. అంతకు మించి షుగరుకి మంచిది కాదు, ఆయనకీ తెలుసు. కానీ అప్పుడప్పుడూ, వేళా పాళా లేకుండా, నేను బాత్రూములో ఉండగా తలుపు దబదబా కొట్టి, "అమ్మాయ్, కాస్త టీ ఇస్తావా!" అని అరిచేవారు. నేను బయటికి వచ్చేదాకా కొడుతూనే ఉండేవారు. తీరా పెట్టిస్తే సగం తాగి, సగం వదిలేసేవారు. ఆ సగాన్ని ఎన్నిసార్లు పెరట్లో పూలకుండీలో పోశానో! "నా మనసు బాగోలేని పూటే చూసుకుని ఈయనకి టీ తాగాలనిపిస్తుందే" అని మా చెల్లెలితో ఫోన్లో వాపోయేదాన్ని.

డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన రోజు సాయంత్రం ఇంట్లో పంచాయితీ మొదలైంది. మావారు ఆఫీసు నుంచి వస్తూనే, చొక్కా అయినా మార్చకుండా పలక తీసుకుని పెద్ద పెద్ద అక్షరాలతో రాశారు: "పన్ను తీయకపోతే ప్రాణానికి ప్రమాధం."

మామగారు చదివారు. బొటనవేలితో 'ధ' తుడిచేసి, బలపం అందుకుని అక్కడ 'ద' రాసి, పలక తిరిగి కొడుకు చేతికిచ్చారు. కళ్ళు మూసుకున్నారు. ఆయనతో వాదించడంలో ఉన్న కష్టం అదే. కళ్ళు మూసుకుంటే తలుపు వేసుకున్నట్టే.

"చూశావా? చూశావా?" అన్నారు మావారు నాతో. "ఆయన ప్రాణం సంగతి చెప్తుంటే నాకు ఒత్తులు దిద్దుతారు!"

"మీరు సరిగ్గా రాసుంటే ఆ సాకు కూడా ఉండేది కాదు" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

రాత్రి భోజనాల దగ్గర వదినగారు ఫోన్ చేశారు. మామగారి పెద్దకూతురు. "నువ్వు చెప్పు అమ్మాయ్, నువ్వు చెప్తే వింటారు. మా మాటలు ఎప్పుడూ పెడచెవినే పెట్టారు."

"పెట్టడానికి ఇప్పుడు ఏ చెవీ లేదు వదినా" అన్నాను. ఆవిడ నవ్వలేదు. మెల్లిగా, "మతి బాగానే ఉందంటావా?" అని అడిగారు.

ఆ మాట ఆ రోజు నుంచి మా ఇంట్లో తిరుగుతూనే ఉంది.

*

మర్నాడు పదకొండింటికి నేను వంటింటి కిటికీ దగ్గర నిలబడి గిన్నెలు తొలుస్తున్నాను. ఎండ అప్పటికే చిటపటలాడుతోంది. ఎప్పుడూ గోడ మూలకి కూర్చునే మామగారు ఆ రోజు నీడ కోసం స్టూలు ఇటు జరుపుకున్నారు. అందుకే, పన్నెండేళ్ళలో మొదటిసారి, ఆయన మొహం నాకు కనపడింది.

కడ్డీ ఒక కొస గోడ వెంట పైకి వెళ్ళే నీళ్ళ పైపుకి ఆనించి ఉంది. ఇత్తడి చిప్ప ఊడదీసి పిట్టగోడ మీద పెట్టి ఉంది. రెండో కొస ఆయన నోట్లో ఉంది. ఆ రెండు పళ్ళ మధ్య. కళ్ళు గట్టిగా మూసుకున్నారు. నోటి పక్కనుంచి చొంగ గడ్డం మీదికి కారుతోంది, కళ్ళ కొసల్లోంచి నీళ్ళు.

గిన్నె సింకులో పడేసి పరిగెత్తాను. పన్ను తనే పెకిలించుకుంటున్నారనుకున్నాను. దగ్గరికి వెళ్ళేసరికి వదినగారి మాట గుర్తొచ్చి కాళ్ళు ఆగిపోయాయి.

ఆయన కళ్ళు తెరిచి నన్ను చూశారు. కడ్డీ నోట్లోంచి తీసి, తువ్వాలుతో కొస తుడిచి, ఆ తర్వాత మూతి తుడుచుకున్నారు. "ఏం లేదు. పైపు చూస్తున్నా" అన్నారు.

వేలితో గాల్లో, 'లీకా?' అని రాశాను.

"లేదు. బాగానే ఉంది." చిప్ప మళ్ళీ బిగించుకుని లోపలికి వెళ్ళిపోయారు. నడకలో ఏ తడబాటూ లేదు.

నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం ఆ సాయంత్రమే మరింత గట్టిపడింది. మావారు ఎవరినో కనుక్కుని వచ్చారు. పేషెంటు ఒప్పుకోకపోతే పళ్ళ డాక్టరు ముట్టుకోదట. కానీ మనిషికి మతి స్థిమితం లేదని మరో డాక్టరు రాసిస్తే, సంతకం కొడుకు పెట్టొచ్చట. మత్తిచ్చి తీసేస్తారట.

"మనం చెడు చేస్తున్నామా? ఆయన బతకాలనేగా" అన్నారు మావారు. ఆయన కళ్ళ కింద నల్లగా ఉంది. ఆయన కూడా నిద్రపోవడం లేదని నాకు తెలుసు. "ఈమధ్య ఏమైనా తేడాగా ప్రవర్తించారా? పగలంతా నువ్వేగా ఉండేది."

ఇనప కడ్డీ కొరుకుతున్నారు అని నేను ఒక్క మాట అంటే చాలు. బహుశా ఆ ఒక్క మాటతో ఆయన ప్రాణం దక్కేది కూడా.

"ఏమీ లేదండీ" అన్నాను.

*

నాలుగు రోజులకి బుగ్గ వాచింది. పొద్దున్నే నుదురు తాకితే చెయ్యి కాలింది. ఆసుపత్రిలో రెండు రోజులు ఉంచారు. సెలైన్ చుక్క చుక్కా పడుతుంటే నేను మంచం పక్క స్టూలు మీద కూర్చుని, ఆ చుక్కల్నీ ఆయన ఊపిరినీ జత కలుపుతూ చూస్తూ ఉండిపోయాను. ఒక ఊపిరి ఆలస్యమైతే నా ఊపిరి ఆగేది. నేను అబద్ధం చెప్పాను. ఈయనకేమైనా అయితే దానికి కారణం నేను. ఈ రెండు వాక్యాలు తప్ప ఆ రెండు రోజులూ నా బుర్రలో మరేమీ లేదు.

జ్వరం దిగింది. ఇంటికి పంపుతూ పెద్ద డాక్టరు మాత్రల అట్ట ఒకటి నా చేతిలో పెట్టాడు. "రోజుకొకటి, పది రోజులు. ఇవి అయిపోయేలోపు ఆ పన్ను బయటికి రావాలి. మళ్ళీ తిరగబెడితే నేనేం చెప్పలేనమ్మా."

ఆ అట్ట వంటింట్లో, ఉప్పు డబ్బా పక్కన పెట్టాను. పొద్దున్నే ఒక మాత్ర నొక్కితే వెండిరేకు చిట్లే చప్పుడు. తొమ్మిది. ఎనిమిది. మావారు ఆ మతి డాక్టరుకి గురువారం అపాయింటుమెంటు తీసుకున్నారు. అట్టలో చివరి మాత్ర ఆ గురువారం పొద్దునకే.

ఏడు మాత్రలున్న రోజున ఆయన్ని చూడటానికి పాత స్నేహితుడు ఒకాయన వచ్చారు. నీళ్ళ శాఖలో తవ్వకం మేస్త్రి. ఎనభై దాటినా, అరచేతులు ఇంకా చేటల్లా ఉన్నాయి. మామగారి భుజం మీద చరిచి, ఆయన చెవి దగ్గర కాకుండా నా వైపు తిరిగి గట్టిగా మాట్లాడారు.

"ఈయన సున్నా చుట్టిన చోటల్లా నేను గునపం వేశానమ్మా. ముప్పై ఏళ్ళు. ఒక్కసారీ గొయ్యి మార్చాల్సిన అవసరం రాలేదు. ఒక్కసారి మాత్రం నీళ్ళు రాలేదు. నేను ఎగతాళి చేశాను. ఈయన గోతిలోకి చూసి, 'నువ్వింకా ఒక జానెడు లోతు బద్ధకించావు' అన్నాడు. జానెడు తవ్వాను. మొహాన కొట్టింది!"

టీ ఇచ్చి, వీధి గుమ్మం దాకా సాగనంపడానికి వెళ్ళి, అక్కడ అడిగాను. ఎలా అడగాలో తెలీక, ఎవరికో అయినట్టు అడిగాను. "బాబాయిగారూ, ఆ కడ్డీని ఎవరైనా... నోట్లో పెట్టుకుంటారా?"

ఆయన పకపకా నవ్వారు. "ఇంకా పెట్టుకుంటున్నాడా? లారీలు తిరిగే రోడ్డు మీద చెవి పనికిరాదమ్మా. అప్పుడు చిప్ప తీసేసి కడ్డీ పళ్ళతో పట్టుకునేవాడు. పైగోల వినపడదట. చప్పుడు పంటిలోంచి ఎముకలోకి, ఎముకలోంచి లోపలికి పోతుందట. నేనూ ఓసారి పెట్టి చూశాను. నాలిక కరుచుకున్నాను, అంతే. చెవులు పోతే పళ్ళున్నాయిలే అనేవాడు." మెట్లు దిగబోతూ ఆగారు. "కానీ ఇప్పుడు ఏ పైపు వింటాడు పాపం? మీ ఇంట్లో లీకేమైనా ఉందా?"

"లేదు" అన్నాను.

మతి పోలేదు. ఆ సంగతి తెలిసి గుండెలమీంచి ఒక బండ దిగింది. ఆ స్నేహితుడు కనుమరుగవకముందే మరో బండ ఎక్కింది. లీకు లేదు. మరి ప్రాణం పణంగా పెట్టి మామగారు వింటున్నదేమిటి?

*

నాలుగు మాత్రలున్నప్పుడు తెలిసింది. ఆ రోజు ఆదివారం. మా అమ్మాయికి డిగ్రీ రెండో ఏడు పరీక్షలు అప్పుడే అయిపోయాయి. తాతామనవరాళ్ళిద్దరూ పెరట్లో ఉన్నారు. నేను వంటింట్లో సింకు దగ్గర. కిటికీ రెక్క ఎండకి ఓరగా వేసి ఉంది. లోపల నేనున్నట్టు వాళ్ళకి కనపడదు.

"తాతయ్యా, ఒక్కసారి నాకియ్యవా" అంటూ అది కడ్డీ లాక్కుంది. ఆయన దాని కొస తుడిచి, పైపు మీద ఎక్కడ ఆనించాలో చూపించారు. నేను యథాలాపంగా కుళాయి విప్పి గిన్నె కింద పెట్టాను.

"అమ్మో!" అని అరిచింది అమ్మాయి. కడ్డీ నోట్లోనే పెట్టుకుని మాట్లాడబోయి, తీసేసి, "తాతయ్యా! తలకాయలో నీళ్ళు పడుతున్నాయి!"

ఆయన మాటలు వినకపోయినా దాని మొహం చూసి నవ్వారు. కడ్డీ తీసుకుని తను పెట్టుకున్నారు. పై పన్నుకి తగలగానే మొహం ముడుచుకుపోయింది. సర్దుకున్నాక, కడ్డీ తీస్తూ, మళ్ళీ పెట్టుకుంటూ, ఎప్పటిలా గట్టిగా చెప్పడం మొదలుపెట్టారు. ఆయన గొంతు ఎంత దూరం వెళ్తుందో ఆయనకి తెలీదు.

"ఇప్పుడు గిన్నె. స్టీలుది. నిండిపోయింది, కట్టేస్తుంది చూడు... ఆఁ. మీ నాన్నయితే కుళాయి చివరిదాకా బిగించి, ఆపైన ఇంకోసారి మెలిపెడతాడు. ఏడాదికి రెండు వాషర్లు. నువ్వేమో సగం కట్టి వదిలేస్తావు. టప్పు, టప్పుమని ఒకటే చుక్కలు. దొంగపిల్లా."

అమ్మాయి పలక మీద రాసింది. ఏం రాసిందో నాకు కనపడలేదు. నా గురించే అయ్యుంటుంది.

"మీ అమ్మా? మీ అమ్మ సన్నగా విప్పుతుంది. ఎప్పుడూ అంతే, నీళ్ళు పారబోయడం ఆ పిల్ల ఒంట్లో లేదు. ఎప్పుడో ఒక్కోసారి మాత్రం బాత్రూములో కుళాయి పూర్తిగా తిప్పేస్తుంది. కింద బకెట్ ఉండదు. బకెట్లో పడే చప్పుడు వేరు, నేల మీద పడే చప్పుడు వేరు. అలా పడుతూనే ఉంటాయి, ఎంతసేపటికీ."

బలపం కీచుమంది. 'ఎందుకు?' అని రాసి ఉంటుంది.

"ఎందుకో నేనెలా చెప్తాను? నాకు పైపే కదా వినపడేది. వెళ్ళి టీ అడుగుతాను, అంతే. టీ పెట్టాలంటే బయటికి రావాలిగా."

నేను గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాను.

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళప్పుడు రెండోసారి కడుపు వచ్చి, అయిదో నెలలో పోయింది. ఇంట్లో ఎవరి ముందూ ఏడవలేదు, పంటి బిగువున ఆపుకున్నాను. కుళాయి చప్పుడులో కలిసిపోతుందని బాత్రూములోకి వెళ్ళేదాన్ని. ఆ నెలలో ఎన్ని టీలు పెట్టానో నాకు ఇప్పటికీ గుర్తే. చక్కెర లేకుండా పెట్టి కసి తీర్చుకున్న రోజు కూడా ఉంది. అదీ సగమే తాగారు. మా అమ్మ పోయినప్పుడు కూడా అంతే. ఆసుపత్రి నుంచి ఆయన్ని తెచ్చిన రోజు సాయంత్రం కూడా. ఇంకా వాపు తగ్గని బుగ్గతో, గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి తలుపు కొట్టారు. ఒంట్లో ఓపిక లేకపోయినా టీ మాత్రం కావాలి ఈ మనిషికి అనుకున్నాను.

*

ఆ మర్నాడు అట్టలో మూడు మాత్రలున్నాయి. మావారు ఆఫీసుకి, అమ్మాయి స్నేహితురాలింటికి వెళ్ళాక పలక తీసుకుని ఆయన గదిలోకి వెళ్ళాను. ఆయన కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు. మంచం అంచున కూర్చుని ఒళ్ళో పలక పెట్టుకుని రాయడం మొదలుపెట్టాను. డిగ్రీ చదువుకున్నదాన్ని. అందరి ఉత్తరాలూ, అర్జీలూ నేనే రాసిపెడతాను. ఆ పూట నాలుగు మాటలు కుదరలేదు. రాశాను, తుడిచాను. మళ్ళీ రాశాను. తడిగుడ్డ ఆరిపోయింది. ఆయన ఓపిగ్గా చూస్తూ కూర్చున్నారు.

చివరికి ఇలా రాసి ఇచ్చాను: "పళ్ళు తీయించుకోండి మామయ్యగారూ. ఇకనుంచి కుళాయి కట్టేసి, నేనే వచ్చి చెప్తాను."

ఆయన చదివారు. రెండుసార్లు కాదు, చాలాసార్లు. నా రాతలో దిద్దాల్సిందేమైనా ఉందేమో అన్నట్టు వేలు ఒక్కో అక్షరం కింద నడిపించారు. చెవుల తమ్మెలు ఎర్రబడ్డాయి. ఆ వయసులో ఒక మనిషి సిగ్గుపడగలడని నాకు అప్పటిదాకా తెలీదు.

"పైదే చెవి" అన్నారు. "కిందది ఊరికే తోడు. అది మాత్రం ఉండి ఏం చేస్తుంది? రెండూ తీసేయమను."

నేను తలూపాను.

"మాట తప్పితే?"

'తప్పను' అని రాశాను.

"చూద్దాం" అన్నారు, పిల్లల దగ్గర మాట తీసుకునే పెద్దవాళ్ళలాగా.

మంగళవారం పొద్దున్నే పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. మావారు సెలవు పెట్టారు. నేనేం రాశానని దారిపొడుగునా అడుగుతూనే ఉన్నారు. "పెద్దగా ఏమీ కాదు, ఒత్తులు చూసుకుని రాశాను" అన్నాను. బయట బెంచీ మీద నలభై నిమిషాలు కూర్చున్నాం. లోపల పింగాణీ గిన్నెలో ఏదో పడిన చిన్న చప్పుడు ఒకటి, కాసేపటికి మరొకటి. మావారు నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

తలుపు తీసుకుని మామగారు తన కాళ్ళ మీద తనే నడుచుకుంటూ వచ్చారు, నోట్లో దూది కుక్కుకుని. పళ్ళు పొట్లం కట్టి ఇవ్వమంటారా అని డాక్టరు సైగ చేస్తే, వద్దన్నట్టు చెయ్యి ఊపారు.

అసలు భయం ఆ తర్వాత మొదలైంది. రక్తం ఆగుతుందా, జ్వరం తిరగబెడుతుందా అని గంటకోసారి నుదురు ముట్టుకునేదాన్ని. ఆయన విసుక్కుని, "నా తలకాయ అరిగిపోతుంది" అన్నారు బోసినోటితో. అట్ట ఖాళీ అయింది. ఇంకో అయిదు రోజులకి మందులిచ్చారు. అవీ అయిపోయాయి. రక్తపరీక్ష కాగితం తీసుకుని పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన దాన్ని పైనుంచి కిందికి చూసి, "చాలా శుభ్రంగా ఉంది. ఇక రానక్కర్లేదు" అన్నాడు. అంతే. నెల రోజుల భయానికి రెండే వాక్యాలు.

ఇంటికి వచ్చాను. కాగితం బీరువాలో పెట్టాను. గిన్నెలు సర్దాను. అన్నీ మామూలుగానే చేసి, ఏదో మర్చిపోయినదానిలా బాత్రూములోకి వెళ్ళి, గడియ పెట్టి, కుళాయి పూర్తిగా తిప్పేశాను.

ఎంతసేపైందో తెలీదు. నీళ్ళు నేల మీద పడి, పాదాల మీదుగా పోతున్నాయి. తలుపు ఎవరూ కొట్టలేదు. అప్పుడు స్పృహ వచ్చింది. ఇక ఎవరూ కొట్టరు.

కుళాయి కట్టేశాను. మొహం కడుక్కోబోయి మానేశాను. ఉన్న మొహంతోనే తలుపు తీసుకుని బయటికొచ్చాను.

ఆయన పెరట్లో స్టూలు మీదే ఉన్నారు. ఆ రోజే మొదటి మబ్బు పట్టింది. కడ్డీ ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, చిప్ప తువ్వాలుతో రుద్దుతున్నారు. తలెత్తి నా మొహం చూశారు. చెయ్యి ఆగింది.

పలక మీద రాశాను: "ఇప్పటిదాకా మీ గురించే. చాలా భయపడ్డాను."

ఆయన చదువుకున్నారు. "నేనూ" అన్నారు. ఆ ఒక్క మాటా మెల్లిగా అన్నారు. ఈ ఇంట్లో ఆయన అంత మెల్లిగా మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. ఆ తర్వాత ఇంకో మూడేళ్ళు బతికారు, అప్పుడు కూడా వినలేదు.

వెళ్ళి రెండు టీలు పెట్టుకొచ్చాను. ఒకటి ఆయనకి, ఒకటి నాకు. ఆయన అడగలేదు. పక్కన మెట్టు మీద కూర్చున్నాను. మబ్బు చూస్తూ, ఊదుకుంటూ, తీరిగ్గా తాగి, కప్పు నా చేతికి ఇచ్చారు.

అలవాటుగా కుండీ వైపు వంచబోయాను. అందులో చుక్క లేదు.